పాత కేబుల్ డిష్‌కు నక్షత్రం చిక్కుతుందా?

ప్రశ్న: సార్, మా బాపు 1990లలో పరకాలలో కేబుల్ టీవీ నడిపాడు. అప్పటి 12 అడుగుల జాలీ డిష్ ఇంకా మా డాబా మీదే ఉంది. పాత ఇనుప సామాను కొనేవాళ్లు రెండుసార్లు వచ్చి అడిగిపోయారు. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే కొన్ని నక్షత్రాల చుట్టూ ఉన్న వాయువు లేజర్ లాగే రేడియో తరంగాలు వదులుతుందనీ, దాన్ని మేసర్ అంటారనీ ఈమధ్య చదివాను. మా డిష్‌తో అది దొరుకుతుందా? లేక దీన్ని తూకానికి వేసేయమంటారా? – ఒక పాఠకుడు, పరకాల

జవాబు: అమ్మకండి. ఈ మాట చెప్పాలనే ఈ నెల మీ ఉత్తరాన్ని అన్నిటికన్నా ముందు తీసుకున్నాను. నేను హన్మకొండలో డిగ్రీ పిల్లలకు 31 ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. అంత పెద్ద డిష్ ఒకటి కావాలని కాలేజీలో ఎన్ని అర్జీలు పెట్టానో నాకే గుర్తు లేదు. చివరికి ఆరడుగుల డిష్‌తోనే సరిపెట్టుకున్నాం. మీకేమో 12 అడుగులది ఇంటి మీదే ఉంది.

ముందు మీ బాపును ఒక సంగతి అడగండి. ఏటా మార్చి రెండో వారంలోనూ, మళ్లీ అక్టోబర్ మొదట్లోనూ, పట్టపగలు కొన్ని నిమిషాలు బొమ్మ పోయి తెర నిండా చుక్కలు వచ్చేవి కదా? ఇళ్లవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసేవాళ్లు. కేబుల్ వాళ్లు దాన్ని సన్ అవుటేజ్ అంటారు. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆయన రేడియో హోరులో ఉపగ్రహం సిగ్నల్ మునిగిపోతుంది. అంటే మీ డిష్ ముప్పై ఏళ్ల కిందటే ఒక నక్షత్రాన్ని పట్టుకుంది, ఏటా రెండుసార్లు.

దీంట్లో ఇంకో విశేషం ఉంది. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన ఉంటాయి. మన పరకాల దగ్గర నుంచి చూస్తే మాత్రం అవి ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖను ఆకాశం దాకా చాచితే వచ్చే గీతకు) సుమారు 3 డిగ్రీలు దక్షిణంగా కనిపిస్తాయి. వెలుగు మారుతుండే చర నక్షత్రాల్లో అన్నిటికన్నా పేరున్న మీరా కూడా ఆ రేఖకు దాదాపు 3 డిగ్రీల దక్షిణాననే ఉంది. మీ డిష్ ఇంకా పాత ఉపగ్రహం వైపే చూస్తూ ఉంటే, దాన్ని అంగుళం కదిలించకపోయినా రోజుకొకసారి మీరా దాని చూపులోంచి దాటిపోతుంది. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పు చేశానేమోనని మూడుసార్లు సరిచూసుకున్నాను.

అయితే మీ డిష్‌కు చిక్కేది మీరా కాదు. మీరా మేసర్‌లలో బలమైనవి సిలికాన్ మోనాక్సైడ్ అణువువి. అవి 43, 86 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తాయి, తరంగం పొడవు ఏడు మిల్లీమీటర్లు, మూడున్నర మిల్లీమీటర్లు. అంత చిన్న తరంగాలు మీ డిష్ జాలీలోంచి జల్లెడలో పిండిలా జారిపోతాయి. నీటి ఆవిరి మేసర్ 22.235 గిగాహెర్ట్జ్, తరంగం 1.35 సెంటీమీటర్లు. జాలీ ఎక్కడ కాస్త సొట్టపోయినా దానికి అడ్డమే. మీకు పనికొచ్చేది హైడ్రాక్సిల్, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన అణువు. దాని 1612 మెగాహెర్ట్జ్ గీత (గ్రాఫ్ మీద సన్నగా లేచే సిగ్నల్) తరంగం పొడవు 18.6 సెంటీమీటర్లు, జానెడుకు కాస్త తక్కువ. ఆ పొడవుకు మీ జాలీ గోడతో సమానం. 22 గిగాహెర్ట్జ్‌ను మన గాలిలోని తేమే మింగేస్తుంది కానీ 1612కు వానలూ మబ్బులూ అడ్డురావు. కంటితో నక్షత్రాలు చూసే మాకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పని ఉండదు. మీకు అసలు పని ఆ నెలల్లోనే.

ఎందుకంటే నేను మీకు చెప్పబోయే నక్షత్రం వానాకాలంలోనే నెత్తిమీదికి వస్తుంది. దాని పేరు ఓహెచ్ 26.5+0.6. పేరులోని అంకెలు పాలపుంతలో దాని చిరునామా. మీరాలాంటిదే, కానీ మరీ ముసలిది. వెలుగు ఒకసారి పెరిగి తగ్గడానికి మీరాకు 332 రోజులు పడితే దీనికి నాలుగేళ్లు దాటుతుంది. తాను వదిలిన ధూళిలోనే పూర్తిగా మునిగిపోయింది కాబట్టి మామూలు టెలిస్కోప్‌లో వెతికినా కనిపించదు. రేడియోలో మాత్రం 1612 దగ్గర ఆకాశంలో గట్టిగా వినిపించేవాటిలో ఇదొకటి. ఖగోళ మధ్యరేఖకు 5.4 డిగ్రీలు దక్షిణంగా ఉంది. మీ డిష్‌ను ఇప్పుడున్న చోటు నుంచి రెండు డిగ్రీలు, కాస్త ఎక్కువ, దక్షిణానికి వంచితే చాలు. ఆగస్టు మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో అది మీ దక్షిణాన ఎత్తుకు వస్తుంది.

ఇక సామాను. డిష్ ముందు సిగ్నల్ పట్టే పాత ఎల్‌ఎన్‌బీ 4 గిగాహెర్ట్జ్ కోసం చేసింది, దాన్ని తీసేయాలి. ఆ చోట 13 సెంటీమీటర్ల వ్యాసం, 25 సెంటీమీటర్ల పొడవు ఉన్న రేకు డబ్బా పెట్టండి, పాలపొడి డబ్బాలు రెండు అతికినా సరే. మూసి ఉన్న అడుగు నుంచి ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దగ్గర పక్కన రంధ్రం చేసి, నాలుగున్నర సెంటీమీటర్ల రాగి తీగ లోపలికి నిలబెట్టాలి. తీగను కాస్త కాస్త కత్తిరిస్తూ సరిచేసుకోవాలి. డబ్బాకు ఆనుకునే తక్కువ హోరున్న యాంప్లిఫయర్, దాంతోపాటు మొబైల్ టవర్ల సిగ్నల్‌ను ఆపే ఫిల్టర్ ఉండాలి. కింద కంప్యూటర్‌కు ఒక ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే రేడియో సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే చిన్న పరికరం. ఉరుములొస్తే డాబా ఎక్కకండి, మబ్బు పట్టగానే కేబుల్ విప్పేయండి. ఈ ఒక్క మాట తప్పొద్దు.

దొరుకుతుందా అన్నదానికి లెక్క చెబుతాను. రేడియో ఖగోళంలో కొలత జాన్స్కీ. ఒక చదరపు మీటరుకు, ఒక హెర్ట్జ్‌కు, ఒక వాట్‌లో లక్ష కోట్ల కోట్ల కోట్లవ వంతు. నక్షత్రం 200 జాన్స్కీలు పంపుతోందనుకుంటే మీ డిష్ దగ్గర అది 0.4 డిగ్రీల వేడితో సమానం. మీ రిసీవర్ సొంత హోరు 100 డిగ్రీలు ఉంటుంది. వందలో అర కూడా లేనిది ఎలా కనిపిస్తుంది? ఎనుమాముల మార్కెట్‌లో కాంటా ముల్లు ఊగుతుంటే ఒక్క చూపుతో తూకం చెప్పలేం. వెయ్యిసార్లు చూసి సగటు తీస్తే చెప్పగలం. ఇక్కడా అంతే. మీ డిష్ చూపు వెడల్పు మూడున్నర డిగ్రీలు కాబట్టి నక్షత్రం దాన్ని దాటడానికి 14 నిమిషాలు పడుతుంది. 5 కిలోహెర్ట్జ్ వెడల్పున 14 నిమిషాల సగటు తీస్తే ఆ 100 డిగ్రీల హోరు ఊగిసలాట 0.05 డిగ్రీలకు దిగుతుంది. అప్పుడు 0.4 పైకి తేలుతుంది. ఇది కాగితం మీద లెక్క. చేతిలో సగమే వచ్చినా పది రాత్రులు కలిపితే సరిపోతుంది. 60 సెంటీమీటర్ల డీటీహెచ్ గిన్నెతో ఎందుకు కాదని చాలామంది అడుగుతారు. దాని వెడల్పు ఈ తరంగానికి మూడింతలే, పైగా వైశాల్యం మీ డిష్‌లో సుమారు ముప్పై ఏడో వంతే.

సిగ్నల్ కనిపించడం సగం పనే. అది ఆకాశం నుంచే వచ్చిందని తేల్చుకోవడం మిగతా సగం, నా దృష్టిలో అదే పెద్ద సగం. నా అనుభవం చెప్తాను. మా ఆరడుగుల డిష్‌తో 1420 మెగాహెర్ట్జ్ హైడ్రోజన్ గీత పట్టుకున్నాక, పిల్లలూ నేనూ ఉత్సాహంగా 1612కు ఎక్కాం. రెండో రాత్రే 1612.8 దగ్గర సూది మొనలాంటి గీత లేచింది. అసలు గీత 1612.231. తేడాను వేగంలోకి మారిస్తే సెకనుకు 106 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తున్న నక్షత్రం! ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. మూడో రోజు మా క్లాసులో ఒకమ్మాయి కాగితం తెచ్చింది. మేం వాడే డాంగిల్‌లో కాలం కొలిచే స్ఫటికం 28.8 మెగాహెర్ట్జ్‌ది. 28.8ని 56తో గుణిస్తే సరిగ్గా 1612.8. ఆ గీత పుట్టింది మా టేబుల్ మీదే. ఆమె చెప్పింది విన్నాక నాకు బాధ కలిగింది, అంతకన్నా ఎక్కువ గర్వం కలిగింది. డిష్‌ను ఒక్కసారి నేలవైపు తిప్పి చూసినా మొదటి రాత్రే తెలిసేది, ఆ పని నేను చేయించలేదు.

అందుకే మీరు మూడు పరీక్షలు పెట్టుకోండి. డిష్ పక్కకు తిప్పితే గీత పోవాలి. నక్షత్రం రోజుకు నాలుగు నిమిషాలు ముందొస్తుంది కాబట్టి గీత కూడా అలాగే రావాలి. రోజూ ఒకే గంటకు వచ్చేది పక్కింటి మోటారో, ఏ చార్జరో అనుకోండి. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఈ నక్షత్రం నుంచి దూరం జరుగుతుంటుంది. జూలై మొదటి నుంచి అక్టోబర్ మొదటికి గీత దాదాపు 150 కిలోహెర్ట్జ్ కిందికి దిగాలి. భూమి మీద పుట్టిన ఏ సిగ్నలూ అలా దిగదు. ఇంకో జాగ్రత్త: 1610.6 నుంచి 1613.8 మెగాహెర్ట్జ్ వరకు ఖగోళం కోసం కేటాయించిన జాగా. దానికి కింద రష్యా దిక్సూచి ఉపగ్రహాలు, పైన శాటిలైట్ ఫోన్లు. ఆ రెండూ ఒక్కోసారి గట్టు దాటి మన పొలంలోకి వస్తాయి.

మా జట్టుకు ఇంతవరకు 1612లో నక్షత్రం చిక్కలేదు. మా డిష్ చిన్నది. మీది చాలు. ఆగస్టు కల్లా డబ్బా బిగించగలిగితే రాయండి, మోకాళ్లు నొప్పులున్నా మీ డాబా ఎక్కుతాను.

ప్రశ్న: సార్, చల్లని వాయువు వెలుగును పీల్చుకుంటుందని మా బీఎస్సీ పుస్తకంలో ఉంది. మరి నక్షత్రం చుట్టూ ఉన్న వాయువు దాన్ని పెంచి ఎలా పంపుతుంది? – ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. మీ పుస్తకం చెప్పింది నిజమే, మామూలు వాయువు విషయంలో. అణువులకు శక్తి మెట్లు ఉంటాయి. మామూలుగా కింది మెట్టు మీద జనం ఎక్కువ, పై మెట్టు మీద తక్కువ. వచ్చిన తరంగాన్ని కిందివాళ్లు పీల్చుకుని పైకి ఎక్కుతారు. ముసలి నక్షత్రాల దగ్గర వేడెక్కిన ధూళి పరారుణ కాంతిని కుమ్మరిస్తుంది. 35 మైక్రాన్ల దగ్గరి పరారుణ కాంతి హైడ్రాక్సిల్ అణువులను బాగా పైకి లేపుతుంది. అవి మెట్టు మెట్టుగా దిగుతూ వచ్చి, కింది మెట్టు మీదకన్నా పై మెట్టు మీదే ఎక్కువగా పోగవుతాయి. ఇప్పుడు అటుగా ఒక 1612 తరంగం వెళ్తే దాన్ని పీల్చేవాళ్లకన్నా దానికి తమది కలిపేవాళ్లే ఎక్కువ. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆటలో ఒకామె చప్పట్లు మొదలుపెడితే వలయమంతా అదే తాళంలో కలుస్తుంది చూడండి, అణువులు కూడా అదే తాళంలో, అదే దిశలో కలుస్తాయి.

తాళం కలవాలంటే అణువులన్నీ మనవైపు ఒకే వేగంతో కదులుతూ ఉండాలి. నక్షత్రం వదిలిన వాయువు గుల్లలా అన్ని వైపులకూ వ్యాపిస్తుంది, ఉదాహరణకు సెకనుకు 14 కిలోమీటర్ల వేగంతో. మనకూ నక్షత్రానికీ మధ్య ఉన్న ముక్క మొత్తం అదే వేగంతో మనవైపు వస్తుంది, వెనకవైపు ముక్క అదే వేగంతో దూరం పోతుంది. పక్కల ఉన్నవి తలా ఒక వేగంతో కనిపించి కలవలేవు. అందుకే 1612 గీత ఒకటిగా రాదు. ఎద్దు కొమ్ముల్లా రెండు మొనలు, మధ్యలో పల్లం. రెండు మొనల మధ్య దూరంలో సగం తీస్తే వాయువు వేగం వచ్చేస్తుంది.

నక్షత్రం వెలుగు పెరిగినప్పుడు పరారుణం పెరుగుతుంది, మేసర్ కూడా పెరుగుతుంది. కానీ రెండు కొమ్ములూ ఒకేసారి పెరగవు. ముందువైపు కబురు మనకు ముందు చేరుతుంది, వెనకవైపు కబురు గుల్లను అడ్డంగా దాటి రావాలి. తేడా 10 రోజులుంటే గుల్ల అడ్డుకొలత కాంతి 10 రోజుల్లో పోయేంత, అంటే సుమారు 26 వేల కోట్ల కిలోమీటర్లు. ఆ గుల్ల ఆకాశంలో ఎంత కోణంలో కనిపిస్తుందో పెద్ద టెలిస్కోపుల జాలంతో కొలిస్తే, నక్షత్రం దూరం కూడా తేలిపోతుంది. క్యాలెండరు చూసి నక్షత్రం గుల్ల అడ్డుకొలత చెప్పే ఈ పద్ధతిని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మేసర్‌ను ప్రయోగశాలలో 1954లో చార్లెస్ టౌన్స్ అమ్మోనియాతో చేసి చూపించారు. ఆకాశంలో 1965లో హైడ్రాక్సిల్ గీత విపరీతంగా వెలుగుతూ కనిపించినప్పుడు శాస్త్రవేత్తలకు అది ఏ పదార్థమో తోచక 'మిస్టీరియం' అని పిలుచుకున్నారు. 1969లో నీటి మేసర్ కనిపెట్టిన జట్టులోనూ టౌన్స్ ఉన్నారు. మనిషి కష్టపడి కట్టిన యంత్రం ఆకాశంలో ఎవరూ కట్టకుండానే నడుస్తోందని ఆయనకే తెలిసింది.

ప్రశ్న: పుణె దగ్గర అంత పెద్ద రేడియో టెలిస్కోప్ ఉంది కదా, అది ఈ పని చేస్తుందా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నారాయణ్‌గావ్ దగ్గరి జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. కానీ అవి వినేది సుమారు 1450 మెగాహెర్ట్జ్ వరకే, 1612 దాని చెవికి అందదు. ఊటీ టెలిస్కోప్ 327 దగ్గర వింటుంది, అది ఇంకా కింద. మన దేశంలో నక్షత్రాల మేసర్‌ను విన్నది బెంగళూరు రామన్ పరిశోధనా సంస్థలోని 10.4 మీటర్ల డిష్, 86 గిగాహెర్ట్జ్ దగ్గర, సిలికాన్ మోనాక్సైడ్‌ది. విదేశాల్లో జర్మనీ ఎఫెల్స్‌బర్గ్ 100 మీటర్ల డిష్, జపాన్ నోబెయామా 45 మీటర్లది ఈ పనిలో పేరున్నవి.

ప్రశ్న: మాకు డిష్ లేదు, బైనాక్యులర్ కూడా లేదు. తాడ్వాయి అడవి పక్కన ఊరు, చీకటి మాత్రం బాగా ఉంటుంది. మేం చేయగలిగేది ఏమైనా ఉందా? – ఒక ఉపాధ్యాయుడు, ములుగు జిల్లా

జవాబు: ఉంది. మీ చీకటి హన్మకొండలో ఎంత డబ్బు పెట్టినా దొరకదు. మీరాను చూడండి. 1596లో ఫాబ్రిసియస్ దాన్ని కంటితోనే గుర్తించాడు, అప్పటికి టెలిస్కోప్ లేదు. అది బాగా వెలిగినప్పుడు మూడో తరగతి (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) నక్షత్రంలా సులభంగా కనిపిస్తుంది, తగ్గినప్పుడు తొమ్మిదికి దిగి మాయమవుతుంది. మీరా సిలికాన్ మోనాక్సైడ్ మేసర్ వెలుగు వెనకాలే నడుస్తుంది, ఒక నెల నుంచి రెండు నెలలు ఆలస్యంగా. అందుకే మేసర్ ఎప్పుడు ఉధృతంగా ఉంటుందో తెలియాలంటే వెలుగు ఎప్పుడు పతాకస్థాయికి చేరిందో తెలిసి ఉండాలి. ఆ లెక్క చాలావరకు మీలాంటి కంటిచూపు పరిశీలకుల నుంచే వస్తుంది. అమెరికాలో 1911లో మొదలైన చర నక్షత్రాల సంఘం, ఏఏవీఎస్ఓ, ప్రపంచంలో ఎవరు పంపినా తీసుకుంటుంది.

డిసెంబర్ మధ్యలో రాత్రి తొమ్మిదికి దక్షిణం వైపు ముఖం పెట్టి నిలబడి బాగా పైకి చూడండి. సీటస్ అనే నక్షత్ర మండలంలో మెన్కార్ అనే నక్షత్రం వెలుగు తరగతి 2.5, దాని దగ్గర గామా 3.5, డెల్టా 4.1. మీరా డెల్టాకు నైరుతిలో, దగ్గర్లోనే ఉంటుంది. గామాకన్నా తక్కువ, డెల్టాకన్నా ఎక్కువ అనిపిస్తే 3.8 అని రాసుకోండి. కనిపించకపోతే 'డెల్టా కనిపించింది, మీరా కనిపించలేదు' అని రాయండి, అది కూడా లెక్కలోకి వస్తుంది. పదిరోజులకొకసారి చాలు. పిల్లలతో చేయిస్తే ఎవరి అంకె వాళ్లనే విడిగా రాయనివ్వండి, ఒకరిది ఒకరు చూసుకున్నాక సరిదిద్దనివ్వకండి.